చిన్న బ్యాండ్ సాకు బ్లేడు మందం ఎంత ఉండాలి?

దుకాణంలో "గట్టి బ్లేడు ఇవ్వండి" అంటే చేతికొచ్చేది చాలాసార్లు మందపు బ్లేడు. గేట్లు, గ్రిల్లులు, ట్రాక్టర్ ట్రాలీలు చేసే షెడ్డులోని చిన్న బ్యాండ్ సాకు, అంటే చుట్టు బ్లేడు రెండు చక్రాల మీద తిరుగుతూ ఇనుము కోసే మిషన్‌కు, దాన్ని ఎక్కిస్తే కొద్ది రోజులకే పుటుక్కున తెగుతుంది. అప్పుడు బ్లేడు నాసిరకమనో, అతుకు సరిగ్గా లేదనో అనుకుంటాం. చాలాసార్లు ఆ రెండింటి తప్పూ ఉండదు. బ్లేడు మందాన్ని అది తిరిగే చక్రాన్ని బట్టి తీసుకోవాలి. కోసే ఇనుమును చూసి తేల్చుకోవాల్సింది పళ్ల సంఖ్య. ఈ రెండూ తారుమారైతే డబ్బు దండగ.

వరంగల్ ములుగు రోడ్డు, మడికొండ షెడ్ల నుంచి పెద్దపల్లి, జగిత్యాల వైపు లేతు పనివాళ్ల దాకా వాడే చిన్న రకం మిషన్, అంటే 4 అంగుళాల రాడ్డు వరకు కోసే, అర హార్స్‌పవర్ మోటారు ఉన్నదాన్ని దృష్టిలో పెట్టుకుని ఇది చదవండి. మీది ఇంకో సైజైనా లెక్క ఒకటే.

ముందు చక్రం కొలవండి

ప్లగ్గు పీకండి. మూత తీసి, బ్లేడు కూర్చునే అంచు దగ్గర చక్రం వ్యాసం టేపుతో కొలవండి. పక్కనున్న అంచు గట్టును లెక్కలోకి తీసుకోవద్దు. ఈ రకం మిషన్లలో అది 185 మి.మీ. అటూఇటూగా ఉంటుంది. వచ్చిన అంకెను 300తో భాగించండి. 185ను భాగిస్తే 0.62 వస్తుంది. దానికి దగ్గరగా బజారులో దొరికేది 0.65 మి.మీ. మీ మిషన్ బ్లేడు అదే.

అదే లెక్కన 270 నుంచి 300 మి.మీ. చక్రానికి 0.9 మి.మీ. బ్లేడు సరిపోతుంది. 27 మి.మీ. వెడల్పు బ్లేడు 0.9 మందంతో రావడానికి కారణం అదే. 1.1 మి.మీ. బ్లేడుకు 330 మి.మీ. దగ్గరి చక్రం కావాలి. చేత్తో పట్టుకుని కోసే పోర్టబుల్ బ్యాండ్ సాలో చక్రాలు బాగా చిన్నవి కాబట్టి వాటికి 0.5 బ్లేడు వస్తుంది. నిజానికి ఆ చక్రానికి 0.5 కూడా ఎక్కువే. వాటి బ్లేడ్లు తొందరగా తెగడంలో ఇదీ ఒక కారణం.

ఎందుకలా అంటే, బుట్టలల్లే మేదరివాళ్ల చేతిలోని వెదురు బద్దను చూడండి. పల్చగా చీల్చిన బద్ద బుట్ట వంపుకు హాయిగా ఒదుగుతుంది. మందపు బద్దను అదే వంపుకు తిప్పితే బయటి వైపు నార లేచి చీలుతుంది. బ్లేడూ అంతే. వంగినప్పుడు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుంటుంది. ఎంత మందముంటే అంత సాగుడు, చక్రం ఎంత చిన్నదైతే అంత సాగుడు. 185 మి.మీ. చక్రం మీద 0.65 బ్లేడు వంగినప్పుడు దాని ఉపరితలం మీద పడే ఒత్తిడి 720 మెగాపాస్కళ్లు. మామూలు ఎమ్మెస్ (మెత్తటి ఉక్కు) రాడ్డు సాగిపోవడం మొదలయ్యేది 250 దగ్గర. అంటే స్ప్రింగు గుణమున్న బ్లేడు ఉక్కు దానికి దాదాపు మూడు రెట్లు ఓర్చుకుంటోంది. అదే చక్రం మీద 0.9 బ్లేడు ఎక్కిస్తే ఒత్తిడి 1,000కి చేరుతుంది. మీరు బిగించిన బిగుతు దానికి అదనం.

ఈ వంగడం ఒక్కసారితో పోయేది కాదు. 1638 మి.మీ. పొడవు బ్లేడు నిమిషానికి 37 మీటర్ల వేగంతో తిరుగుతుంటే, రెండు చక్రాల మీదా కలిపి నిమిషానికి 45 సార్లు, గంటకు 2,700 సార్లు వంగి నిటారవుతుంది. తీగను అటూఇటూ వంచి విరిచినట్టే ఇదీ. తేడా ఏమిటంటే ఇక్కడ పగులు పళ్ల మధ్య గుంతలో కంటికి కనపడకుండా మొదలవుతుంది.

బ్లేడు మందం కొలవడం

బిళ్ల మీద రాసింది నమ్మకుండా మైక్రోమీటర్‌తో కొలవండి. బ్లేడు వీపు వైపు, పళ్లకు దూరంగా పట్టుకోవాలి. పళ్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచి ఉంటాయి కాబట్టి వాటి మీద కొలిస్తే 0.65 బ్లేడు 0.95 అని చూపిస్తుంది. ఈ పొరపాటుతోనే కొందరు పాత బ్లేడు 0.9 అనుకుని కొత్తది ఆ మందంలో తెప్పిస్తారు. అతుకు మీద కూడా కొలవొద్దు, అక్కడ రాపిడి పట్టి ఒక్కోసారి పల్చబడి ఉంటుంది. వర్నియర్ కాలిపర్ పనికిరాదని కాదు, కానీ 0.5కి, 0.65కి మధ్య తేడా తేల్చేటప్పుడు మైక్రోమీటర్ ఉంటే అనుమానం ఉండదు.

చిక్కు ఇక్కడే ఉంది. 13 మి.మీ. వెడల్పులోనే 0.5, 0.65, 0.9 మూడు మందాలూ దొరుకుతాయి. "అర అంగుళం బ్లేడు" అని మాత్రమే అడిగితే మూడింటిలో ఏది వస్తుందో దుకాణం దయ. పొడవు, వెడల్పు, మందం, పళ్లు, రకం, ఈ ఐదూ కాగితం మీద రాసి ఇవ్వండి: 1638 × 13 × 0.65, 10/14 పళ్లు, బైమెటల్ (పట్టీ స్ప్రింగు ఉక్కు, పళ్ల మొనలు ఇంకా గట్టి ఉక్కు). సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. తప్పు సరుకు వెనక్కి పంపే ఖర్చుతో ఇంకో బ్లేడు వస్తుంది.

పొడవు తెలియకపోతే పాత బ్లేడు మీద సుద్దతో గీత గీసి, నేల మీద గీత నుంచి గీత దాకా ఒక చుట్టు దొర్లించి కొలవండి. పాతది ముక్కలైతే, బిగింపు మరను సగం దాకా తిప్పి ఉంచి రెండు చక్రాల నడిమి దూరం కొలవండి. దాన్ని రెట్టింపు చేసి, చక్రం వ్యాసాన్ని 3.14తో గుణించి కలపాలి. 528 మి.మీ. దూరం, 185 మి.మీ. చక్రం అయితే 1056కు 581 కలిపి 1637.

మందపు బ్లేడు నేరుగా కోస్తుందనే మాట

ఈ మాటలో కొంత నిజముంది. 0.9 బ్లేడు పక్కకు వంగకుండా నిలబడే శక్తి 0.65 కంటే రెండున్నర రెట్లకు పైనే. కానీ వంకర కోతకు మందు మందం ఒక్కటే కాదు. కోత దగ్గర బ్లేడును అటూ ఇటూ పట్టి ఉంచే రెండు గైడ్ల మధ్య దూరాన్ని సగానికి తగ్గిస్తే, ఉత్త పట్టీ లెక్కన చూసినా, బ్లేడు నిలబడే శక్తి 8 రెట్లు పెరుగుతుంది. దానికి పైసా ఖర్చు లేదు, పానాతో రెండు నిమిషాల పని. చాలా షెడ్లలో ఎడమ గైడు 6 అంగుళాల సామానుకు సరిపడేంత వెనక్కి జరిపి, ఇక దాన్నెవరూ ముట్టుకోరు. ఇంచు పైపు కోసేటప్పుడూ అది అక్కడే ఉంటుంది, పైపు మాత్రం ఏటవాలుగా తెగుతుంది. గైడును సామానుకు తగలనంత దగ్గరగా, వేలెడు సందు వదిలి జరపండి.

ఇంకో సంగతి మోటారు. 0.65 బ్లేడు చేసే గాటు సుమారు 0.95 నుంచి 1 మి.మీ. వెడల్పు. 0.9 బ్లేడు గాటు 1.3 నుంచి 1.4. అంటే ప్రతి కోతకూ 40 శాతం దాకా ఎక్కువ ఇనుము రజనై పోతుంది, అదంతా అర హార్స్‌పవర్ మోటారే చేయాలి. సాయంత్రం పూట వోల్టేజీ పడిపోయే ఊళ్లలో మోటారు వేడెక్కి మూలగడం మీరు వినే ఉంటారు.

బిగుతు విషయంలోనూ ఇదే తంటా. బైమెటల్ బ్లేడుకు చదరపు మి.మీ.కు 17 నుంచి 20 కిలోల దాకా బిగుతు కావాలి. 13 × 0.65 బ్లేడులో పళ్ల గుంత వదిలేస్తే మిగిలే కోత వైశాల్యం 7 చదరపు మి.మీ. చిల్లర. రెండు పక్కలా కలిపి బిగింపు మర మీద పడే బరువు 250 కిలోల దగ్గర. 0.9 అయితే 340 దాటుతుంది. పోత ఇనుప చట్రం, సన్నటి మర ఉన్న చిన్న మిషన్ అంత లాగలేదు. చట్రమే వంగుతుంది. ఫలితంగా మందపు బ్లేడు వదులుగా తిరుగుతుంది, వదులు బ్లేడు వంకరగా కోస్తుంది. నేరు కోత కోసం తెచ్చిన బ్లేడుతో వంకర కోత తప్పదు.

పళ్లు: ఇక్కడే ఇనుమును చూడాలి

మందం ఖాయమయ్యాక పళ్ల సంఖ్య ఎంచుకోండి. అంగుళానికి ఎన్ని పళ్లో దాని లెక్క. 10/14 అంటే పళ్ల మధ్య దూరం ఒకచోట 10 లెక్కన, ఇంకోచోట 14 లెక్కన మారుతూ ఉంటుందని అర్థం. దానివల్ల మిషన్ అదరడం తగ్గుతుంది.

కోతలో ఏ క్షణమైనా కనీసం 3 పళ్లు ఇనుములో ఉండాలి. 6 నుంచి 12 ఉంటే సుఖం. 24 దాటితే గుంతల్లో రజను నిండి బ్లేడు జారుతుంది తప్ప కోయదు. 25 మి.మీ. రాడ్డుకు 8/12 గానీ 10/14 గానీ బాగుంటుంది. 50 నుంచి 75 మి.మీ. ఘనం రాడ్డుకు 6/10. నాలుగు అంగుళాల షాఫ్టుకు 5/8 దొరికితే మంచిది. అంతకంటే పెద్ద పళ్లు 13 మి.మీ. బ్లేడుకు వద్దు. గుంత లోతయ్యేకొద్దీ వెనక మిగిలే పట్టీ సన్నబడుతుంది.

16 గేజ్ చదరపు పైపు దగ్గర ఈ లెక్క కుదరదు. 1.6 మి.మీ. గోడలో 3 పళ్లు పడాలంటే అంగుళానికి 48 పళ్లు కావాలి, అలాంటిది బ్యాండ్ సాకు లేదు. 14/18 బ్లేడు పెట్టి, బ్లేడును కిందికి నొక్కే భారం తగ్గించి, మెల్లగా దిగనివ్వండి. పై గోడ కోసేటప్పుడు ఇబ్బంది ఉండదు, అక్కడ వెడల్పంతా కోతలో ఉంటుంది. దాన్ని దాటి రెండు పక్క గోడల్లోకి దిగే క్షణంలో బ్లేడు ధబ్బున పడితే పళ్లు రాలతాయి. ఆ ఒక్క చోట మిషన్ పై చట్రాన్ని చేత్తో ఆపి పట్టుకోండి.

యాంగ్లర్‌ను (ఎల్ ఆకారపు ఇనుమును) వైసులో ఎలా పెడుతున్నారో కూడా చూడండి. ఒక రెక్క పడుకుని, ఒకటి నిలబడేలా పెడితే బ్లేడుకు మొదట 6 మి.మీ., తర్వాత ఒక్కసారిగా 50 మి.మీ. ఎదురవుతుంది. ఇంటి కప్పులాగా మూల పైకి, రెండు రెక్కలు కిందికి వాలేలా పెడితే కోత పొడవునా ఒకే తీరుగా, ఒక్కో రెక్కలో 8 మి.మీ. పైచిలుకు ఇనుము ఎదురవుతుంది. 10/14 బ్లేడు దాన్ని కులాసాగా తెంపుతుంది.

కార్బన్ బ్లేడు చవక. ఎమ్మెస్ పట్టీలు, పైపులు మాత్రమే కోసేవాళ్లకు చాలు. టీఎంటీ రాడ్డు పైపొర గట్టిగా ఉంటుంది, రైస్‌మిల్లు షాఫ్టులకు వాడే ఈఎన్ 8 ఇంకో గట్టిది. వీటికి బైమెటల్ పెట్టండి. పాత లారీ కమాను పట్టీని ఏ బ్లేడుతోనూ కోయొద్దు. కొలిమిలో ఎర్రగా కాల్చి, బూడిదలో పెట్టి మెల్లగా చల్లారనిస్తే తప్ప అది పళ్లను తినేస్తుంది.

ఎక్కించడం, బిగించడం

చేతులకు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకునే చుట్ట విప్పండి. మూడు చుట్లుగా మడిచిన బ్లేడు ఒక్కసారి విచ్చుకుంటుంది. మిషన్ నడుస్తున్నప్పుడు మాత్రం గ్లోవ్స్ తీసేయాలి. పళ్ల మొన బ్లేడు కదిలే దిశకు చూడాలి. తిరగబడి ఉంటే బ్లేడు లోపలి వైపు బయటికి తిప్పి మళ్లీ ఎక్కించండి.

వదులు పోయేదాకా మరను తిప్పి, చక్రాన్ని చేత్తో నాలుగైదు చుట్లు తిప్పండి. బ్లేడు వీపు చక్రం గట్టుకు అర నుంచి ఒక మి.మీ. దూరంలో నిలబడాలి. గట్టును రాసుకుంటూ తిరిగితే వంపు మర సర్దండి. ఈ రాపిడి వల్ల బ్లేడు వీపున పగుళ్లొస్తాయి.

ఇక బిగుతు. చేత్తో మీటి, మోత విని చెప్పేవాళ్లున్నారు. అది అనుభవం, అందరికీ రాదు. డిజిటల్ కాలిపర్ ఉంటే ఇలా చేయండి. వదులు పోయిన స్థితిలో కాలిపర్‌ను 125 మి.మీ.కు తెరిచి, రెండు దవడలను చిన్న క్లాంపులతో బ్లేడుకు పట్టించండి. జారే దవడ మర వదులుగా ఉండాలి. డిస్ప్లేను సున్నా చేసి బిగించడం మొదలుపెట్టండి. 0.10 నుంచి 0.12 మి.మీ. సాగితే బైమెటల్‌కు సరైన బిగుతు. కార్బన్ బ్లేడుకు 0.06 నుంచి 0.08 చాలు. ఈ అంకెలు 0.5కైనా 0.9కైనా ఒకటే, ఎందుకంటే సాగుడు పొడవును బట్టి ఉంటుంది, మందాన్ని బట్టి మారేది దానికి కావలసిన బలం. పని అయ్యాక ఆ క్లాంపులు తీశారో లేదో రెండుసార్లు చూసుకోండి.

మందం మార్చిన ప్రతిసారీ గైడు బేరింగులు సర్దాలి. దీన్ని మరిచిపోయి కొత్త బ్లేడును తిట్టేవాళ్లే ఎక్కువ. 0.65కు సర్దిన గైడ్లలో 0.5 పెడితే 0.15 మి.మీ. సందు మిగిలి బ్లేడు తలాడిస్తుంది. 0.5కు సర్దినదాంట్లో 0.65 దూరిస్తే బేరింగులు నొక్కేసి బ్లేడు కాలిపోయేంత వేడెక్కుతుంది. పక్క బేరింగులలో ఒకటి పక్కకు తప్పిన ఇరుసు మీద ఉంటుంది. నట్టు వదులు చేసి దాన్ని తిప్పుతూ బేరింగు బ్లేడును తాకీతాకనట్టు ఆపండి. కొలతకు సిగరెట్టు కాగితం పొర సరిపోతుంది. పరీక్ష ఏమిటంటే, ప్లగ్గు పీకి చక్రాన్ని చేత్తో తిప్పితే బేరింగు బ్లేడుతో పాటు తిరగాలి, వేలు అడ్డం పెడితే ఆగిపోవాలి. వీపు వెనక బేరింగు కోత లేనప్పుడు వెంట్రుకవాసి దూరంలో ఉండాలి. చివరగా గుణియ పెట్టి బ్లేడు మిషన్ బల్లకు నిలువుగా ఉందో లేదో చూడండి.

మొదటి కోతలు

కొత్త పళ్ల మొన మరీ పదునుగా, అంతే పెళుసుగా ఉంటుంది. మొదటి పది పన్నెండు కోతలు ఇంచు రాడ్డు మీద సగం భారంతో, మామూలు వేగంతో కోయండి. ఆ తర్వాత భారం మెల్లగా పెంచండి. ఈ మిషన్లలో సాధారణంగా మూడు వేగాలుంటాయి: నిమిషానికి 24, 37, 61 మీటర్లు. బైమెటల్‌తో ఎమ్మెస్‌కు 37 గానీ 61 గానీ, కార్బన్‌తో 37 దాటొద్దు. స్టెయిన్‌లెస్‌కు, ఈఎన్ 8 లావు షాఫ్టుకు 24. అల్యూమినియంకు 61.

భారం సరిపోయిందో లేదో రజను చెబుతుంది. చిన్న చుట్టలుగా, తెల్లగా మెరుస్తూ రాలితే సరిగ్గా ఉంది. పిండిలా పొడి రాలితే భారం చాలక పళ్లు రుద్దుతున్నాయి, స్టెయిన్‌లెస్ మీద ఇలా రుద్దితే ఆ చోటు గట్టిపడి ఇక తెగదు. నీలం రంగు తిరిగితే వేగమో భారమో ఎక్కువైంది. ఎమ్మెస్‌ను పొడిగానే కోయొచ్చు, పోత ఇనుమును ఎప్పుడూ పొడిగానే కోయాలి. నీళ్లలో కలిపే కటింగ్ ఆయిల్ వాడేవాళ్లు మే నెల రామగుండం ఎండల్లో నీళ్లు ఆవిరై ద్రావణం చిక్కబడుతుందని గుర్తుంచుకుని పైపైన నీళ్లు కలుపుతుండండి.

తెగిన బ్లేడును పారేసేముందు

ముక్కను వెలుతురులో పెట్టి చూడండి. పగులు పళ్ల గుంత నుంచి మొదలై, పక్క గుంతల్లో కూడా సన్నటి గీతలు కనిపిస్తే అది వంగి వంగి అలసిపోయిన బ్లేడు. చాలాకాలం పనిచేశాక ఇలా తెగితే దాని ఆయువు తీరింది. కొన్ని రోజులకే ఇలా అయితే మందం ఎక్కువైందనుకోవచ్చు, మైక్రోమీటర్ తీయండి. పగులు వీపు నుంచి మొదలైతే వెనక బేరింగు అరిగిందో, గట్టు రాసుకుంటోందో, భారం ఎక్కువైందో చూడాలి. అతుకు దగ్గరే తెగితే వెల్డింగ్ తర్వాత ఆ చోటును సరిగ్గా మెత్తబరచలేదు. అతికించాక మసక ఎరుపు రంగు దాకా వేడిచేసి మెల్లగా చల్లారనివ్వకపోతే అతుకు గాజులా పెళుసవుతుంది. అతుకు మీద ఉబ్బు మిగిలినా గైడ్ల గుండా పోయేటప్పుడు ప్రతి చుట్టుకూ టక్‌మని కొడుతుంది, ఆ చప్పుడు వింటే బ్లేడు ఆపి ఆకురాయితో ఉబ్బును సమం చేయండి.

అన్నీ సరిగ్గా ఉండి కూడా 0.65 బ్లేడు గుంతల్లో పగిలి తొందరగా తెగుతోందంటే, అదే వెడల్పులో 0.5 ఒకటి తెప్పించి చూడండి. అదే చక్రం మీద వంపు ఒత్తిడి 720 నుంచి 554కు దిగుతుంది. పైపులు, పల్చటి పట్టీలే ఎక్కువ కోసే షెడ్డులో అది ఎక్కువ రోజులు వస్తుంది. లావు రాడ్డు మీద మాత్రం భారం తగ్గించాలి, లేకపోతే పక్కకు పోతుంది.

రాత్రి షెడ్డు మూసేముందు బిగింపు మరను మూడు నాలుగు చుట్లు వదులు చేసి, "వదులు చేసింది" అని రాసిన అట్టముక్క స్విచ్ మీద వేలాడదీయండి. లేకపోతే పొద్దున వచ్చిన పిల్లవాడు అలాగే ఆన్ చేస్తాడు, బ్లేడు చక్రం మీంచి ఊడిపడుతుంది.